వెలుగును నిలిపిన నార్ల తాతారావు

కిన్నెరసాని పేరు వినగానే తెలుగు విద్యార్థికి మొదట స్ఫురించేది విశ్వనాథ సత్యనారాయణగారి కిన్నెరసాని పాటలు. అత్తింటి ఆరళ్ళకు ఓర్వలేక అడవిలోనికి పోయి, కరగి వాగై పారిన కిన్నెర కథను పెక్కు తరాల వారు పాఠశాలలో చదువుకొన్నారు. ఆ వాగు కవి కల్పనలో మాత్రమే పారినది కాదు. వరంగల్లు వైపు కొండలలో పుట్టి, పాల్వంచ అడవులగుండా వచ్చి, భద్రాచలం ప్రాంతాన గోదావరిలో కలిసే నిజమైన యేరు అది. 1960 తరువాతి దశకంలో పాల్వంచకు సమీపాన ఆ యేటికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. ఆ నీటినీ, ఇరుగున ఉన్న సింగరేణి గనుల బొగ్గునూ ఆధారం చేసుకొని కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రం వెలసింది. కవి చేతిలో కన్నీరైన కిన్నెర ఇంజనీరు చేతిలో ఆవిరియై, నిమిషానికి 3,000 చుట్లు తిరిగే చక్రాలను త్రిప్పి, ఊరూరా దీపమై వెలిగింది.

పాల్వంచలో ఈ కేంద్రం, భద్రాచలానికి ఆవల దట్టమైన అడవిలో దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రం, వాటినుండి కొండలు దాటి నలుదిక్కులకూ సాగిపోయిన హైవోల్టేజి లైనులు ఒకనాటి ఆంధ్రప్రదేశ్‌కు ప్రాణనాడులు. ఒక దశాబ్దానికి మించిన కాలం ఈ నాడుల బాగోగులు ఒక వ్యక్తి బాధ్యతలో ఉండినవి. ఆయన నార్ల తాతారావుగారు. ఆయన పేరు చెప్పగానే జనులు కొత్త విద్యుత్కేంద్రాలను తలచుకొంటారు. అది న్యాయమే. కాని కట్టినదానిని చెడకుండా నిలుపుకొనుట కట్టుటకంటె కష్టమైన విద్య అని ఆ యుగం మనకు నేర్పిన పాఠం అంతగా ప్రచారంలోనికి రాలేదు. ఆయన జీవితాన్ని ఆ దృష్టితో చూచినప్పుడే దాని పూర్ణరూపం గోచరిస్తుంది.

తాతారావుగారు 1917లో జన్మించారు. వారి స్వగ్రామం కృష్ణాజిల్లాలో గుడ్లవల్లేరు చేరువనున్న కౌతవరం. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి దినపత్రికలకు సంపాదకులై, తెలుగు వచనానికి పదును పెట్టిన నార్ల వెంకటేశ్వరరావుగారు ఆయన అన్నగారు. అన్నగారు 1908లో జన్మించారు; తమ్ముడు తొమ్మిదేళ్ళు చిన్న. ఒకే ఇంట ఒకరు కలం పట్టారు, మరొకరు కరెంటు పట్టారు. మూఢవిశ్వాసాలను ఖండిస్తూ, హేతువును ఆశ్రయించమని అన్నగారు జీవితమంతా వ్రాశారు. తమ్ముడు ఎంచుకొన్న రంగంలో హేతువుకు తప్ప వేరు దేనికీ చోటు లేదు. తీగెకు భక్తి తెలియదు, భయం తెలియదు. నియమం తప్పినవాడిని అది క్షమించదు.

ఆనాడు ఆంధ్రదేశంలో సాంకేతిక విద్యకు అవకాశాలు మిక్కిలి స్వల్పం. పట్టుదల గల యువకులు దూరదేశాలకు పోవలసి వచ్చేది. తాతారావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివారు. మదనమోహన మాలవీయ పండితులు నెలకొల్పిన ఆ విద్యాలయం దేశానికి ఇంజనీర్లను అందించిన తొలి సంస్థలలో ఒకటి. పిదప ఆయన అమెరికాకు పోయి, చికాగోలోని ఇల్లినాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఉన్నత విద్య ముగించుకొని వచ్చారు. కృష్ణా కాలువల నాటినుండి కాశీ గంగ వరకు, అక్కడినుండి మిచిగన్ సరస్సు తీరం వరకు సాగిన ఆ చదువు తిరిగివచ్చి స్వదేశానికే ఉపయోగపడింది.

ఆయన ఉద్యోగజీవితంలో పెద్ద భాగం మధ్యప్రదేశ్‌లో గడచింది. ఆ రాష్ట్ర విద్యుత్ బోర్డు కార్యస్థానం జబల్‌పూరు. అన్నగారైన వెంకటేశ్వరరావుగారు పుట్టింది ఆ జబల్‌పూరులోనే కావడం ఒక చిత్రమైన కలయిక. ఆ బోర్డులో ఉన్నతపదవులను నిర్వహించి, సమర్థుడైన ఇంజనీరుగా, పాలకుడుగా తాతారావుగారు పేరు గడించారు.

ఇంతలో స్వరాష్ట్రంలో పరిస్థితులు మారాయి. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు 1959 ఏప్రిల్ 1న ఏర్పడింది. భద్రాచలం ప్రాంతం తూర్పుగోదావరినుండి ఖమ్మంజిల్లాలో చేరినది కూడ ఆ యేడే. ఒడిషాతో కలిసి నిర్మించిన మాచ్‌ఖండ్ కేంద్రం 1955 నుండి, ఎగువ సీలేరు కేంద్రం 1967-68 నుండి విద్యుత్తు నిస్తున్నాయి. కొత్తగూడెంలో 60 మెగావాట్ల యంత్రాలు నాలుగు 1966-67లలో పనిలోనికి వచ్చాయి. అయినా చాలలేదు. నాగార్జునసాగరం నీరు రాని మెట్టప్రాంతాలలో రైతు బావికి పంపుసెట్టు బిగించుకొన్నాడు. పట్టణాలలో మిల్లులు పెరిగాయి. కోరిక కొండంత, ఉత్పత్తి గోరంత అన్నట్లుండెను.

1973 డిసెంబరులో జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ఖమ్మంజిల్లా రాజకీయాలలో పెరిగినవారు. తన జిల్లాలో బొగ్గూ నీరూ అడవీ ఉండి కూడ వెలుగు చాలని సంగతి ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. వెంగళరావుగారి ప్రభుత్వకాలంలో, 1974లో, మధ్యప్రదేశ్‌నుండి తాతారావుగారిని రప్పించి విద్యుత్ బోర్డు అధ్యక్షపదవిని అప్పగించారు. అప్పటికి ఆయన వయస్సు యాభై యేడు. సాధారణంగా ఉద్యోగి విశ్రాంతిని తలపోసే వయస్సులో ఆయన జీవితంలోని ప్రధానఘట్టం ఆరంభమయింది.

తరువాతి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్‌లో కదలిన నిర్మాణాలను ఒక్కచోట చేర్చి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కొత్తగూడెంలో 110 మెగావాట్ల యంత్రాలు మరి రెండు 1977-78లలో చేరాయి. దిగువ సీలేరులో 115 మెగావాట్ల యంత్రాలు నాలుగు 1976-78 మధ్య తిరగడం మొదలుపెట్టాయి. విజయవాడ వద్ద ఇబ్రహీంపట్నంలో 210 మెగావాట్ల థర్మల్ యంత్రాలు రెండు 1979-80లలో వచ్చాయి. నాగార్జునసాగరం ప్రధానకేంద్రంలో ఎనిమిది యంత్రాలు 1978-85 మధ్య, శ్రీశైలం కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రాలు ఏడు 1982-87 మధ్య నెలకొన్నాయి. ఇవన్నీ కూడితే రెండున్నర వేల మెగావాట్లకు పైమాటే. ఈ కాలంలో ముఖ్యమంత్రులు పలువురు మారారు. ప్రభుత్వాన్ని నడిపే పార్టీయే మారింది. కాని బోర్డు అధ్యక్షులు మారలేదు. రాజకీయవాతావరణం ఎట్లున్నా ఒక సాంకేతిక నిపుణుని ఒకే పీఠంపై అంతకాలం నిలుపుకొనుట మన దేశంలో అరుదు. ఆ నిలకడయే నిర్మాణాలకు బలమయింది.

ఈ నిర్మాణాలలో దిగువ సీలేరు కథ ప్రత్యేకమైనది. భద్రాచలంనుండి చింతూరు మీదుగా పోతే మోతుగూడెం వస్తుంది. ఆనాడు అది ఖమ్మంజిల్లాలోనిదే. కోయలు, కొండరెడ్లు నివసించే ఆ కొండలలో సీలేరు నదికి డొంకరాయి వద్ద ఆనకట్ట కట్టి, కాలువద్వారా నీటిని కొండ అంచుకు తెచ్చి, పెద్ద గొట్టాలలోనుండి పొల్లూరు విద్యుత్కేంద్రంపైకి దుమికించారు. మలేరియాకు నిలయమైన అడవిలో దారి తీసి, బరువైన ట్రాన్స్‌ఫార్మర్లను ఘాట్లమీదుగా చేర్చుట సామాన్యకార్యం కాదు. చేర్చిన తరువాత వాటిని బ్రతికించుకొనుట అంతకంటె సామాన్యం కాదు. పట్టణంలో యంత్రానికి జబ్బు చేస్తే వైద్యుడు గంటలో వస్తాడు. అడవిలో యంత్రానికి వైద్యుడు దాని పక్కనే కాపురముండాలి.

ఇక్కడ విద్యార్థులు ఒక లెక్క గమనించాలి. విద్యుజ్జనకంలో పుట్టే కరెంటు సుమారు 11 వేల వోల్టులది. దానిని ట్రాన్స్‌ఫార్మరుద్వారా 220 వేల వోల్టులకు పెంచి లైనుపైకి ఎక్కిస్తారు. వోల్టేజి 20 రెట్లు పెరిగితే, అదే శక్తిని మోయడానికి తీగెలో ప్రవాహం 20వ వంతు సరిపోతుంది. తీగె వేడెక్కి పోగొట్టే శక్తి ప్రవాహం యొక్క వర్గాన్ని బట్టి ఉంటుంది; కనుక ఆ నష్టం 400వ వంతుకు దిగుతుంది. హైవోల్టేజి వలన కలిగే లాభం ఇది. దీనికి తగిన భయం కూడ ఉంది. వోల్టేజి పెరిగినకొద్దీ విద్యుత్తు బంధనం త్రెంచుకోవాలని చూస్తుంది. దానిని అదుపులో ఉంచేవాటిలో ముఖ్యమైనవి నాలుగు: నూనె, కాగితం, పింగాణి, గాలి. కోట్ల రూపాయల యంత్రం ఈ నాలుగింటి ఆరోగ్యంపై ఆధారపడి ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మరులో రాగితీగె చుట్లకు కాగితం చుట్టి, ఆ మొత్తాన్ని నూనెలో ముంచుతారు. కాగితం ఎంతకాలం నిలిస్తే ట్రాన్స్‌ఫార్మరు అంతకాలం నిలుస్తుంది. ఉండవలసినదానికంటె వేడి 6 నుండి 8 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ కాగితపు ఆయుస్సు సగానికి తగ్గుతుందని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. నూనెలో చెమ్మ చేరినా ముప్పే. అందుకని ట్రాన్స్‌ఫార్మరు పీల్చే గాలిని నీలిరంగు సిలికాజెల్ గుళికలగుండా పోనిస్తారు. చెమ్మను త్రాగిన గుళికలు గులాబిరంగుకు మారుతాయి. ఆ రంగును చూచి గుళికలను మార్చవలసినవాడు మార్చకపోతే, గోదావరి తీరపు వానకాలమంతా ఆ యంత్రం తడిగాలిని పీలుస్తూనే ఉంటుంది. అప్పుడప్పుడు నూనెను కొంచెం తీసి, రెండున్నర మిల్లీమీటర్ల ఎడముగల రెండు లోహపు గుబ్బల నడుమ ఉంచి, వోల్టేజిని పెంచి చూస్తారు. 30 వేల వోల్టులకు లోపుగానే మెరుపు దూకితే ఆ నూనె నమ్మదగినది కాదు. వడకట్టి, ఆరబెట్టి శుద్ధి చేయాలి.

ఇంతకంటె సూక్ష్మమైన పరీక్ష మరొకటి ఉంది. ట్రాన్స్‌ఫార్మరు లోపల ఎక్కడైనా అతివేడి పుట్టినా, నిప్పురవ్వ లేచినా నూనె కొద్దికొద్దిగా విచ్ఛిన్నమై వాయువులు వెలువడతాయి. 1921లో జర్మనీదేశపు మాక్స్ బుఖోల్జ్ ఆ వాయువులు పైకి వచ్చి ఒకచోట చేరగానే గంట మ్రోగించే సాధనాన్ని రూపొందించాడు. నేటికీ దానిని ఆయన పేరుతోనే పిలుస్తారు. గంట మ్రోగేనాటికి జబ్బు ముదిరి ఉంటుంది. అందుచేత నూనెలో కరగి ఉన్న స్వల్పవాయువులనే వేరుచేసి కొలిచే పద్ధతి వచ్చింది. హైడ్రోజను పెరిగితే ఒక అర్థం, ఎసిటిలీను కనిపిస్తే లోపల మెరుపు పుడుతున్నదని మరొక అర్థం, కార్బన్ మోనాక్సైడు హెచ్చితే కాగితం కమిలిపోతున్నదని వేరొక అర్థం. కెనడాకు చెందిన మిషెల్ డువాల్ ఈ వాయువుల పాళ్ళను ఒక త్రిభుజంలో గుర్తించి జబ్బును పోల్చుకొనే మార్గాన్ని ప్రకటించింది 1974లో. తాతారావుగారు బోర్డు అధ్యక్షులైనదీ ఆ సంవత్సరమే. మన వైద్యులు నాడి పట్టి రోగాన్ని ముందే కనిపెట్టినట్లు, యంత్రం పడిపోకముందే దాని నాడి చూచే విద్య ప్రపంచమంతటా వేళ్ళూనుతున్న కాలం అది.

పాల్వంచలో యంత్రాలకు మరొక శత్రువు బూడిద. బొగ్గును మండించే కేంద్రం చుట్టూ బూడిద ఎగిరి, స్విచ్‌యార్డులోని పింగాణి ఇన్సులేటర్లపై పొరగా పేరుకొంటుంది. ఎండాకాలమంతా ఆ పొడిబూడిద ఏ హానీ చేయదు. తొలకరి జల్లో, శీతకాలపు మంచో తగలగానే ఆ పొర తడిసి విద్యుత్తుకు దారి ఇస్తుంది. పెద్ద శబ్దంతో మెరుపు ప్రాకి లైను తెగిపోతుంది, జిల్లా చీకటవుతుంది. పింగాణిని వేళకు కడిగి తుడిచినవాడి పేరు ఏ పత్రికలోనూ పడదు. కడగని రాత్రి మాత్రం అందరికీ తెలుస్తుంది.

అడవిలో లైనుల కథ వేరు. 220 వేల వోల్టుల లైనుకు 35 మీటర్ల వెడల్పున చెట్లు లేని బాట ఉండాలి. తీగెకూ నేలకూ మధ్య 7 మీటర్లకు తగ్గని ఎడం ఉండాలి. భద్రాచలం అడవులలో వెదురు వానలు పడగానే చూస్తూండగా పెరుగుతుంది. నేడు తీగెకు అందని కొమ్మ నెలలో అందవచ్చును. కొమ్మ తీగెను తాకనక్కరలేదు. చేరువకు వస్తే చాలు, మెరుపు దూకుతుంది. కాబట్టి లైనుమనుషులు టవరు వెంట టవరుగా కాలినడకన పోయి చూచేవారు. పగిలిన పింగాణిచిప్ప, వదులైన జాయింటు, టవరునెక్కిన తీగజాతి మొక్క, వరదకు కోసుకుపోయిన పునాది, ఎండిపోయిన ఎర్తు గుంట: ఇవన్నీ కంటితో చూచి పుస్తకంలో వ్రాయవలసినవే. ఇప్పుడు వేడిని పట్టే కెమెరాలు వచ్చాయి, డ్రోనులు వచ్చాయి. అయినా వాగు దాటి గుట్టనెక్కి చూచే కంటికి విలువ తగ్గలేదు.

లైనుపై పని చేయబోయేముందు లైన్ క్లియర్ తీసుకొనే నియమం ఉంది. సబ్‌స్టేషనులో కరెంటు ఆపి, స్విచ్చి విడదీసి, తాళం వేసి, తీగెను భూమికి కలిపి, ఫలానావానికి ఈ లైను అప్పగించడమైనదని వ్రాసి ఇస్తారు. పని ముగించి అతడే తిరిగి అప్పగించేవరకు ఎంతటి అధికారి చెప్పినా కరెంటు ఇవ్వరాదు. ఒక కాగితంపై ఒక మనిషి ప్రాణం నిలిచి ఉంటుంది. ఆ కాగితాన్ని చిన్నచూపు చూచిన చోటనే చావులు సంభవించాయి. హైవోల్టేజి నిర్వహణలో నియమపాలన అంటే యంత్రంపై శ్రద్ధ మాత్రమే కాదు, తోటిమనిషిపై శ్రద్ధ.

ఇదంతా కిందివారి పని కదా, బోర్డు అధ్యక్షునికి ఇందులో పాత్ర ఏమున్నదని ఎవరికైనా తోచవచ్చు. అసలు కీలకం అక్కడే ఉంది. యంత్రాన్ని పరీక్షించాలంటే దానిని ఆపాలి. బాయిలరును, టర్బైనును విప్పి సరిచేయాలంటే వారాల తరబడి ఉత్పత్తి వదులుకోవాలి. రాష్ట్రం కరెంటుకు మొగమువాచి ఉన్న రోజున, పంటలు ఎండుతున్నవని రైతులు, మిల్లులు మూతబడుతున్నవని యజమానులు, ఓట్లు పోతున్నవని నాయకులు ఒత్తిడి తెస్తున్న రోజున, నడుస్తున్న యంత్రాన్ని ఆపమని చెప్పుటకు ధైర్యం కావాలి. ఆపకపోతే నేటికి గండం గడుస్తుంది. రేపు యంత్రమే కూలుతుంది. ఆపితే నేడు నింద వస్తుంది. రేపు వెలుగు నిలుస్తుంది. ఈ రెంటిలో ఒకదానిని ఎంచుకొనే పీఠంపై తాతారావుగారు ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఆయన స్వయంగా ఇంజనీరు కావడంవలన ఆ నిర్ణయపు బరువు ఆయనకు కాగితాలమీద కాక యంత్రాలమీద తెలుసు.

ధనానికి కూడ ఇదే పరీక్ష. కొత్త కేంద్రానికి శంకుస్థాపన చేస్తే శిలాఫలకం ఉంటుంది, సభ ఉంటుంది. నూనె వడపోతకు, విడిభాగాలకు ఖర్చుచేస్తే శిలాఫలకం ఉండదు. 1980 తరువాత వ్యవసాయపు కరెంటుకు మీటరు లెక్క పోయి, పంపుసెట్టు గుఱ్ఱపుశక్తిని బట్టి ఏడాదికి ఇంత అనే పద్ధతి వచ్చింది. రైతుకు అది ఊరట. బోర్డు ఆదాయానికి మాత్రం లోటు. ఆదాయం తగ్గినప్పుడు మొదట కోతకు గురయ్యేది నిర్వహణ ఖర్చే. ఏమంటే ఆ యేడు కోసినా ఆ యేడు ఎవరికీ తెలియదు. దాని ఫలితం నాలుగైదేళ్ళకు గాని బయటపడదు.

ఆనాటి ఫలితాలు ఏమి చెబుతున్నాయో చూద్దాం. ఒక థర్మల్ యంత్రం ఏడాది పొడుగునా పూర్తిశక్తితో తిరిగితే వచ్చేదానిలో ఎంతపాలు నిజంగా వచ్చిందో లెక్కించి కేంద్రాల పనితీరును కొలుస్తారు. 1980 ప్రాంతంలో దేశం మొత్తంమీద ఈ లెక్క నూటికి 50కి అటూ ఇటూగా ఉండేది. అనగా యంత్రాలు కట్టి కూడ సగభాగం పోగొట్టుకొంటున్నామన్నమాట. ఆ రోజులలో ఆంధ్రప్రదేశ్ కేంద్రాలు ఆ సగటును మించి నిలిచాయి. విజయవాడ కేంద్రం ఉత్పాదకతకు జాతీయపురస్కారాలను పలుమార్లు అందుకొన్నది. దేశంలోని సమర్థమైన విద్యుత్ బోర్డులలో ఆంధ్రప్రదేశ్ బోర్డు ఒకటిగా ఎన్నికగన్నది. ఈ ఘనత ఒక్క మనిషిది అనుట సత్యం కాదు. కొత్తగూడెం కాలనీలో మూడు షిఫ్టులూ కాచిన కార్మికులది, పొల్లూరు లోయలో చలిజ్వరాలకోర్చిన ఆపరేటర్లది, తీగెల వెంట నడచిన లైన్‌మన్‌లది అది. అయితే వారి శ్రమను వ్యర్థం కానీయని పాలన కావాలి. ఆ పాలన తాతారావుగారిది. 1983లో భారతప్రభుత్వం ఆయనను పద్మశ్రీ బిరుదుతో సత్కరించింది.

దిగువ సీలేరునకు సంబంధించిన మరొక విశేషం చెప్పుకోదగినది. మన దేశంలో హైవోల్టేజి డైరెక్ట్ కరెంటు పద్ధతిని మొదట పరీక్షించినది ఇక్కడే. దిగువ సీలేరునుండి అప్పటి మధ్యప్రదేశ్‌లోని బస్తరులో ఉన్న బార్సూరు వరకు, 196 కిలోమీటర్ల దూరం, అంతకుముందే ఉన్న 220 వేల వోల్టుల జంటలైనులో ఒకదానిని మార్చి, 1989లో ఆ ప్రయోగం చేశారు. స్వదేశీ పరిజ్ఞానంతో నేర్చుకొనడానికి ఉద్దేశించిన ప్రయోగమది. తాతారావుగారు సేవచేసిన రెండు రాష్ట్రాలను ఆ తీగె దండకారణ్యంగుండా కలిపింది.

తాతారావుగారు 2007లో, తొంబదియేండ్ల ముదిమిలో కాలధర్మం చెందారు. ఇబ్రహీంపట్నంలోని విజయవాడ థర్మల్ విద్యుత్కేంద్రం నేడు ఆయన పేరుతో డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రంగా పిలువబడుతున్నది. ఆయన నడిపిన బోర్డు మాత్రం ఆయన కళ్ళయెదుటనే, 1999లో, ఉత్పత్తికి ఒకటి, ప్రసారానికి ఒకటిగా చీలిపోయింది. 2014లో రాష్ట్రమే రెండయినది. పాల్వంచ తెలంగాణలో ఉండగా, మోతుగూడెం ఆంధ్రప్రదేశ్‌కు చేరింది. ఒకనాడు ఒకే జిల్లాలోని రెండు కేంద్రాల నడుమ నేడు రాష్ట్రసరిహద్దు సాగుతున్నది. సీలేరు నీటికీ, కిన్నెరసాని నీటికీ ఆ సరిహద్దు తెలియదు.

కొత్తగూడెంలోని తొలి యంత్రాలు 2020 నాటికి విశ్రాంతి పొందాయి. 2024 ఆగస్టులో పాత కేంద్రపు ఎనిమిది శీతలగోపురాలను పేలుడుపదార్థాలతో నేలకూల్చారు. అరశతాబ్దికి పైగా పాల్వంచ ఆకాశాన్ని అలంకరించిన ఆ గోపురాలు క్షణాలలో ఒరిగిపోతుంటే చూచి కంటతడి పెట్టినవారు ఎందరో ఉంటారు. అయితే ఇది దుఃఖించవలసిన విషయంకంటె గర్వించవలసిన విషయం. థర్మల్ యంత్రానికి సాధారణంగా వేసుకొనే ఆయుర్దాయం పాతికేళ్ళు. 1966-67లలో తిరగడం మొదలుపెట్టిన యంత్రాలు దానికి రెండింతల కాలం పనిచేశాయంటే, నూనె చూచినవారు, బూడిద తుడిచినవారు, బేరింగు చప్పుడును చెవియొగ్గి విన్నవారు తరతరాలుగా తమ ధర్మాన్ని నెరవేర్చారని అర్థం.

ఆ ధర్మం ఎంత అవసరమో ఇటీవలి సంఘటనలు కూడ హెచ్చరిస్తున్నాయి. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రంలో అగ్నిప్రమాదం సంభవించి 9 మంది ప్రాణాలు కోల్పోయారు. 2024 జూన్ చివర మణుగూరు వద్ద భద్రాద్రి విద్యుత్కేంద్రంలో పిడుగుపాటుకు ఒకటవ యూనిట్ ట్రాన్స్‌ఫార్మరు దగ్ధమయింది. హైవోల్టేజి ముందు మనిషి ఎన్నడూ నేను గెలిచానని అనుకోరాదు. దినదినమూ చూచుకొంటూ ఉండవలసినదే.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న సామెత కట్టడంలోని కష్టాన్ని చెప్పింది గాని, కట్టిన ఇంటిని కాపాడుటలోని కష్టాన్ని చెప్పలేదు. గుడిలో అఖండదీపాన్ని వెలిగించినవాడు ఒక్కడే, ఒక్కసారే. వేళకు చమురుపోసి, వత్తి ఎగద్రోసి, గాలికి చేయి అడ్డుపెట్టి దానిని అఖండంగా నిలిపేవారు వందలమంది. తాతారావుగారి గొప్పతనం ఆయన ఈ రెండు కార్యాలకూ నాయకత్వం వహించడంలో ఉంది. ఈనాడు తరగతిగదిలో ఫ్యాను తిరుగుతుంటే, దీపం వెలుగుతుంటే, ఉపాధ్యాయులు ఒక్కమాట పిల్లలకు చెప్పవచ్చు. ఆ స్విచ్చికి ఆవలి కొసన ఎక్కడో ఒక అడవిలో, నీలిరంగు గుళికలు గులాబిరంగుకు మారినవేమోనని ఈ వేళ కూడ ఒక మనిషి వంగి చూస్తున్నాడు.